గెలుపోటముల్లేని ఆటలో బంతి వెంట పరిగెత్తేదెవరు?

ఆటల చరిత్ర అంటే గెలిచిన వాళ్ళ చరిత్ర. ఏ సంవత్సరం ఎవరు కప్పు గెలిచారు, ఎన్ని సెట్లలో గెలిచారు, ఎవరి రికార్డుని ఎవరు దాటారు - ఈ పట్టికలే మనకి చరిత్రగా అందాయి. వాటిలోకి స్త్రీల పేర్లు ఆలస్యంగా వచ్చాయి, తక్కువగా వచ్చాయి. ఈ వివక్ష గురించి మనం మాట్లాడుతూనే ఉన్నాం. కానీ ఏ పట్టికలోకీ ఎక్కడానికి వీల్లేని ఆటలు కూడా కొన్ని ఉన్నాయి. పాయింట్లు ఉండవు, గీతలు ఉండవు, రిఫరీ ఉండడు. సాయంత్రం మొదలై చీకటి పడగానే ఆగిపోతాయి. ఎవరు గెలిచారని ఎవరూ అడగరు. స్త్రీల ఆటల చరిత్రలో పెద్ద భాగం ఇలాంటి ఆటలదే కావచ్చు. స్కోరు లేని ఆటకి చరిత్ర ఎలా రాయాలి?

అలాంటి ఒక ఆట బ్రెజిల్ సముద్ర తీరాల్లో పుట్టింది. దాని పేరు ఫ్రెస్కోబాల్. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో, 1945-46 ప్రాంతంలో, రియో డి జనీరోలోని కోపకబానా బీచిలో మొదలైందని చెబుతారు. లియాన్ పోంతెస్ డి కార్వాల్యో అనే ఆయన చెక్కతో బ్యాట్లు చేయించాడనీ, టెన్నిస్ రాకెట్ల తీగలు ఉప్పునీటికి పాడైపోతుండడంతో ఈ ఆలోచన వచ్చిందనీ ఒక కథ ఉంది. పోర్చుగీసులో 'ఫ్రెస్కో' అంటే చల్లన. ఎండ తగ్గి సముద్రపు గాలి తగిలే వేళ ఆడుకునే బంతాట కనుక ఆ పేరు.

ఆట చాలా తేలిక. రెండు చెక్క బ్యాట్లు, ఒక చిన్న రబ్బరు బంతి ఉంటే చాలు. ఇద్దరూ కొంత దూరంలో ఎదురెదురుగా నిలబడతారు. మధ్యలో నెట్టు లేదు. బంతిని ఇసుక మీద పడనివ్వకుండా ఒకరికొకరు కొట్టుకుంటూ ఉండాలి. టెన్నిస్‌లోలాగా అవతలి మనిషికి అందకుండా కొడితే ఆట అక్కడికక్కడే ఆగిపోతుంది. గట్టిగా కొట్టచ్చు, వేగంగా కొట్టచ్చు, కానీ అవతలి మనిషి తిరిగి కొట్టగలిగేలాగే కొట్టాలి. ఎదుటి మనిషి నైపుణ్యం నా ఆనందానికి అడ్డు కాదు, అదే నా ఆనందానికి ఆధారం. ఇప్పుడు దీనికీ పోటీలు జరుగుతున్నాయి. వాటిలో కూడా జంటలు ఒకదానితో ఒకటి తలపడవు. ఒక్కో జంట తనకిచ్చిన కొద్ది నిమిషాల్లో ఎంత బాగా, ఎంత వేగంగా, ఎన్నిసార్లు బంతి జారకుండా ఆడిందో న్యాయనిర్ణేతలు చూస్తారు. రియో నగరం ఈ ఆటని తన సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

ఇంతవరకూ వింటే ఇది మనం కలలుగనే సమాజానికి నమూనాలా ఉంది. పోటీ లేదు, ఆధిపత్యం లేదు, సహకారమే ఆట. కానీ ఆట ఎంత అందంగా ఉన్నా, దాన్ని ఆడే నేల ఎవరి చట్టాల కింద ఉందో కూడా చూడాలి.

కోపకబానాలో ఆ చెక్క బ్యాట్లు కనిపించడానికి నాలుగైదేళ్ళ ముందే, 1941 ఏప్రిల్‌లో, గెటూలియో వర్గాస్ ప్రభుత్వం ఆటల నిర్వహణ కోసం ఒక డిక్రీ చేసింది. అందులోని 54వ అధికరణం స్త్రీల ప్రకృతికి సరిపడని ఆటలు స్త్రీలు ఆడకూడదని నిర్దేశించింది. స్త్రీ ప్రకృతి ఏమిటో డిక్రీ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదనుకున్నారు. అంతకు ఏడాది ముందు, బ్రెజిల్ నగరాల్లో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లు పెరుగుతున్నాయనీ, దీనివల్ల కాబోయే తల్లుల ఆరోగ్యం పాడవుతుందనీ ఒక పౌరుడు అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం పత్రికల్లోకెక్కింది, వైద్యులు తలూపారు. దేశానికి బలమైన బిడ్డలు కావాలి, బిడ్డలకి క్షేమమైన గర్భాశయాలు కావాలి, కాబట్టి ఆడపిల్లలు బంతిని తన్నకూడదు. జాతి నిర్మాణం పేరుతో స్త్రీ శరీరం మీద కాపలా పెట్టడం మనకి కొత్త విషయం కాదు.

1964లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. మరుసటి ఏడాది జాతీయ క్రీడా మండలి ఆ పాత అధికరణానికి జాబితా జతచేసింది. అన్ని రకాల కుస్తీలు, ఫుట్‌బాల్, హాలులో ఆడే ఫుట్‌బాల్, వాటర్ పోలో, పోలో, రగ్బీ, బరువులెత్తడం, బేస్‌బాల్ స్త్రీలకి నిషిద్ధం. బీచి ఫుట్‌బాల్ కూడా ఆ జాబితాలో ఉంది. అంటే ఇసుక మీద ఒక ఆడపిల్ల బంతిని కాలితో తన్నితే క్రీడా చట్టం ఒప్పుకోదు. అదే ఇసుక మీద, అదే సముద్రం ఒడ్డున, చెక్క బ్యాటుతో బంతిని కొడితే ఎవరికీ అభ్యంతరం లేదు.

ఎందుకు లేదు? ఫ్రెస్కోబాల్ వాళ్ళ లెక్కలో ఆటే కాదు కనుక. దానికి సంఘం లేదు, కప్పు లేదు, గెలుపు లేదు. భర్త, భార్య, పిల్లలు కాలక్షేపానికి ఆడుకునేది. పితృస్వామ్యం లెక్కలోకి తీసుకోని చోట్ల స్త్రీలకి కొంచెం ఊపిరాడుతుంది. వంటింటి కబుర్లు, బావి దగ్గర పాటలు, నోముల పేరంటాలు మనకి అలాగే మిగిలాయి. వాటిని ఎవరూ సాహిత్యం అనుకోలేదు, అందుకే ఎవరూ నిషేధించలేదు. అయితే లెక్కలోకి రానిది చరిత్రలోకీ రాదు. ఆ రోజుల్లో కోపకబానా ఇసుక మీద బ్యాటు పట్టిన స్త్రీల పేర్లు మన దాకా రాలేదు. బ్యాట్లు చేయించిన మగవాడి పేరు మాత్రం వచ్చింది.

ఆ నిషేధం 1979లో గానీ పోలేదు. ఆ ఏడాదే ఉరుగ్వేలో జరిగిన దక్షిణ అమెరికా జూడో పోటీలకి బ్రెజిల్ ఆడపిల్లలని మగపేర్లతో నమోదు చేసి పంపారన్న సంగతి అక్కడి స్త్రీల క్రీడా చరిత్రలో తరచూ వినబడుతుంది. ఫుట్‌బాల్‌కి నిబంధనలు తయారై స్త్రీలు అధికారికంగా ఆడడానికి 1983 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంకో సంగతి గమనించాలి. ఈ నిషేధాల కాలంలోనే బ్రెజిల్ స్త్రీ మరియా ఎస్తెర్ బ్యునో 1959, 1960, 1964లలో వింబుల్డన్ సింగిల్స్ గెలిచింది, ప్రపంచం ఆమెని నెత్తిన పెట్టుకుంది. టెన్నిస్ రాకెట్ పట్టిన స్త్రీ దేశానికి అలంకారం, ఫుట్‌బాల్ తన్నిన స్త్రీ దేశానికి ప్రమాదం. తెల్ల గౌనులో, క్లబ్బు పచ్చిక మీద ఆడే ఆటలో 'స్త్రీ ప్రకృతి' చెక్కుచెదరదు కాబోలు! ఏ ఆట స్త్రీలకి తగినదో నిర్ణయించింది వైద్యశాస్త్రమని చెప్పుకున్నారు గానీ, అసలు నిర్ణయించింది వర్గమూ, అలవాటూ.

ఇక ఇసుక మీద ఎదురెదురుగా నిలబడ్డ ఆ భార్యాభర్తల సంగతి. ఆటలో వాళ్ళిద్దరూ సమానం. ఒకే రకం బ్యాట్లు, ఒకే బంతి, ఒకే ఇసుక. కానీ 1916 నాటి బ్రెజిల్ పౌరస్మృతి వివాహిత స్త్రీని పూర్తి చట్టబద్ధ సామర్థ్యం లేని మనిషిగా చూసింది. ఆమె ఉద్యోగం చేయాలంటే భర్త అనుమతి కావాలి. 1932లో ఓటు హక్కు వచ్చింది గానీ ఈ స్థితి మారలేదు. 1962లో వివాహిత స్త్రీల చట్టం వచ్చాక మారింది. అంటే ఫ్రెస్కోబాల్ పుట్టిన మొదటి పదహారేళ్ళూ, బీచిలో భర్తతో సమానంగా బంతి కొట్టిన స్త్రీ, తడి కాళ్ళకంటిన ఇసుక దులుపుకుని రోడ్డు దాటగానే అతని అనుమతి మీద బతికే మనిషి అయిపోయేది. సమానత్వం ఆ సాయంత్రం వరకే, ఆ ఇసుక వరకే.

ఈ ఆటని ప్రేమించి ప్రచారం చేసిన వాళ్ళలో ప్రముఖుడు మిల్లోర్ ఫెర్నాండెస్ (1923-2012). వ్యంగ్య రచయిత, కార్టూనిస్టు, నాటక కర్త, అనువాదకుడు. విజేతలూ పరాజితులూ లేని ఏకైక ఆట ఇదేననీ, నిజమైన క్రీడాస్ఫూర్తి దీనిలోనే ఉందనీ ఆయన అనేవాడు. మాట బావుంది. అయితే ఇదే మిల్లోర్ 1969లో మొదలైన 'ఓ పాస్కిం' అనే వారపత్రికలో ప్రధాన రచయితల్లో ఒకడు. సైనిక ప్రభుత్వాన్ని నవ్వుతో ఎదిరించిన పత్రికగా దానికి గొప్ప పేరుంది, ఆ పేరుకి అది అర్హమే. కానీ 1971లో అమెరికన్ స్త్రీవాద రచయిత్రి బెట్టీ ఫ్రీడన్ బ్రెజిల్ వచ్చినప్పుడు ఆ పత్రిక ఆమెని ఆటపట్టించింది. స్త్రీవాదులంటే అందం లేనివాళ్ళు, మగవాళ్ళు దొరకనివాళ్ళు అన్న ధోరణి ఆ పేజీల నిండా ఉండేది. స్త్రీల ఉద్యమాలన్నిటిలో ఉత్తమమైనది వాళ్ళ నడుము కదలికే అన్న అర్థం వచ్చే చెణుకు ఒకటి మిల్లోర్ పేరుతోనే ఈనాటికీ చెలామణీలో ఉంది.

విజేతలూ పరాజితులూ లేని ఆట కావాలన్న మనిషికీ, సమానత్వం అడిగిన స్త్రీలు నవ్వులాటగా కనబడ్డారు. ఇది ఒక్క మనిషి వైరుధ్యం కాదు. నియంతృత్వాన్ని ధిక్కరించిన అభ్యుదయ పురుషులు ఇంటి విషయానికి వచ్చేసరికి ఎలా మాట్లాడతారో మన సాహిత్య, ఉద్యమ చరిత్రల్లోనూ చూశాం. ఆటలో సమానత్వం వాళ్ళకి హాయిగా ఉంటుంది, ఎందుకంటే ఆట అయిపోతుంది. జీవితంలో సమానత్వం సాయంత్రంతో అయిపోదు.

అదే 'ఓ పాస్కిం' 1969 నవంబరులో నటి లెయిలా దినీజ్‌ని ఇంటర్వ్యూ చేసింది. ప్రేమ గురించీ, లైంగిక స్వేచ్ఛ గురించీ ఆమె దాపరికం లేకుండా మాట్లాడింది. ఆమె వాడిన బూతు మాటల స్థానంలో చుక్కలు వేసి అచ్చువేశారు. రెండు నెలలు దాటగానే, 1970 జనవరిలో, పత్రికలనీ పుస్తకాలనీ ముందే సెన్సారు చేసే డిక్రీ వచ్చింది. జనం దానికి 'లెయిలా దినీజ్ డిక్రీ' అని పేరు పెట్టారు. 1971లో నిండు గర్భంతో, బికినీలో, దాచుకోని పొట్టతో ఆమె సముద్ర తీరాన నవ్వుతూ నిలబడిన ఫోటో దేశమంతా చర్చ అయింది. గర్భవతి శరీరం కప్పుకోవాల్సినదన్న నియమాన్ని ఒక్క ఫోటోతో తోసేసింది. తల్లుల గర్భాశయాల కోసం ఆడపిల్లల ఆటలు నిషేధించిన దేశంలో, కాబోయే తల్లి ఒకామె ఎండలో, ఇసుకలో, తన శరీరంతో తాను సంతోషంగా ఉండడం ఎంత పెద్ద రాజకీయ చర్యో ఊహించండి. మరుసటి ఏడాది జూన్‌లో ఆస్ట్రేలియాలో ఒక చలనచిత్రోత్సవం నుంచి తిరిగి వెళ్తూ, మన ఢిల్లీ దగ్గర కూలిన విమానంలో ఆమె చనిపోయింది. అప్పటికి ఆమె వయసు 27. పసిబిడ్డ తల్లి.

ఫ్రెస్కోబాల్ సాహిత్యంలోకి కూడా వచ్చింది. బ్రెజిల్‌లో విస్తృతంగా చదివే విద్యావేత్త, రచయిత రూబెం ఆల్వెస్ (1933-2014) రాసిన ఒక వ్యాసంలో పెళ్ళిళ్ళు రెండు రకాలు అంటాడు. టెన్నిస్ రకం, ఫ్రెస్కోబాల్ రకం. టెన్నిస్ పెళ్ళిలో ఒకరి బలహీనత మీద ఇంకొకరు బంతి కొడతారు. ఫ్రెస్కోబాల్ పెళ్ళిలో ఎదుటివారి బంతి వంకరగా వచ్చినా, అది కావాలని చేసింది కాదని ఎరిగి, ఎలాగో అందుకుని మళ్ళీ చక్కగా పంపుతారు. ముసలితనం దాకా ఈ మనిషితో సంతోషంగా మాట్లాడుకోగలనా అన్న నీషే ప్రశ్ననీ, వేయిన్నొక్క రాత్రుల షెహరాజాదేనీ దీనికి ఉదాహరణగా తెస్తాడు. ఆమె మాటలతో, కథలతో సుల్తానుతో బంధాన్ని నిలబెట్టుకుంది కదా అని.

ఈ వ్యాసాన్ని పెళ్ళిళ్ళలో చదువుతారు, కానుకగా ఇచ్చుకుంటారు. చదవగానే మనకీ నచ్చుతుంది. కానీ స్త్రీగా రెండోసారి చదివితే ఒక ప్రశ్న ఆపుతుంది. వంకరగా వచ్చిన బంతిని చక్కగా చేసి పంపే పని ఎవరిది? ఆటలో అయితే చెరో బంతికి చెరొకరు. మన ఇళ్ళల్లో? అత్తగారు విసిరిన మాటని మెత్తగా చేసి భర్తకి అందించేది, భర్త కోపాన్ని పిల్లల దాకా పోకుండా అందుకునేది, అందరి వంకర బంతుల్నీ పరిగెత్తి పట్టి, బంతి కింద పడలేదు అనిపించేది ఎవరు? 'మా కాపురంలో గొడవల్లేవు' అని మగవాడు గర్వంగా చెప్పుకుంటుంటే, ఆ మాట వెనక ఎన్ని వేల పరుగులున్నాయో లెక్కపెట్టిన వాళ్ళు లేరు. షెహరాజాదే ఉదాహరణ మరీ విచిత్రం. ఫ్రెస్కోబాల్‌లో బంతి పడితే నవ్వుకుని మళ్ళీ మొదలుపెడతారు. ఆమె బంతి పడితే తెల్లారేసరికి తల పోతుంది. ఒకరి చేతిలో బ్యాటు, ఒకరి చేతిలో కత్తి ఉన్నప్పుడు దాన్ని సహకార క్రీడ అనగలమా? ఆమె ఆడింది ఆట కాదు, ప్రాణాలు కాపాడుకోవడానికి ఆపకుండా చేసిన శ్రమ. ఆ శ్రమకి ప్రేమ అని పేరు పెట్టడం పితృస్వామ్యానికి తరతరాలుగా అలవాటే.

రూబెం ఆల్వెస్‌ని తోసిపుచ్చాలని కాదు. ఆయన ఉపమానం నిజం కావాలంటే ఏమేం ఉండాలో మనం చేర్చాలి. ఇద్దరికీ ఆట ఆపేసే హక్కు ఉండాలి. పడిన బంతిని ఇద్దరూ వంతులవారీగా తీసుకోవాలి. బంతి పడినందుకు ఎవరికీ శిక్ష ఉండకూడదు. ఈ మూడూ లేని సహకారం సర్దుకుపోవడమే.

ఈ ఆలోచన నాకు పుస్తకాల్లోంచి రాలేదు. కొన్నేళ్ళ కిందట విశాఖ తీరంలో కొందరు స్నేహితురాళ్ళకి చెక్క బ్యాట్లతో ఈ ఆట నేర్పాను. ఉద్యోగాలు చేసేవాళ్ళు, రిటైరైనవాళ్ళు, పెళ్ళయ్యాక ఏ ఆటా ఆడనివాళ్ళు. చున్నీలు నడుముకి బిగించి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి నిలబడ్డారు. నేర్పడంలో ఉన్న ఆనందం ఏమిటంటే, ఈ ఆట చాలా త్వరగా వస్తుంది. తీగల రాకెట్‌లాగా బంతి ఎగిరిపోదు, చెక్క మీద 'టక్'మని మోగి బుద్ధిగా వెళ్తుంది. మోకాళ్ళు కొంచెం వంచమని, బ్యాటుని ముందే ముఖానికెదురుగా పట్టుకోమని, చేయి ఊపకుండా బంతిని ఎదుర్కోమని చెబితే చాలు. పది నిమిషాల్లో వరసగా ఎనిమిదో పదో కొట్టేశారు. పదిహేను దాటినప్పుడు పెట్టిన కేకలు అలల మోతని మించాయి. యాభై ఏళ్ళు దాటిన ఒకావిడ "అమ్మాయ్, నా చేయి ఇంత దూరం చాస్తుందని నాకే తెలీదే!" అంది. ఆ చేయి ముప్ఫై ఏళ్ళుగా అల్మైరా పై అర దాకానే వెళ్ళింది.

అయితే మొదటి రోజే రెండు విషయాలు గమనించాను. బంతి పడిన ప్రతిసారీ ఇద్దరూ ఒకేసారి 'సారీ' అనేవాళ్ళు. బంతి ఎవరి వల్ల పడినా సరే. రెండోది, పడిన బంతి కోసం ఇద్దరూ ఒకేసారి పరిగెత్తేవాళ్ళు. ఎవరూ నిలబడి ఊరుకోలేకపోయేవాళ్ళు. అందుకని ఒక నియమం పెట్టాను. సారీ అన్నవాళ్ళు ఆట అయ్యాక అందరికీ మురీ మిక్చర్ కొనిపెట్టాలి. బంతి వంతులవారీగా తేవాలి, వంతు లేనివాళ్ళు కదలకూడదు. నమ్ముతారో లేదో, వాళ్ళకి అన్నిటికన్నా కష్టమైంది కదలకుండా నిలబడడమే. ఇంకొకరు మన కోసం వంగి బంతి తీసుకొస్తుంటే చూస్తూ నిలబడడం మన శరీరాలకి ఎవరూ నేర్పలేదు. అటుగా పోతూ వ్యాఖ్యలు చేసిన మగపిల్లలు కూడా లేకపోలేదు. నాలుగో రోజుకి వాళ్ళ మాటలు ఎవరికీ వినబడలేదు, లెక్కపెట్టడంలో మునిగిపోయి ఉన్నారు కనుక.

కొన్ని రోజులయ్యాక ఆ గుంపులోని ఒక చిన్నమ్మాయి, "ఇలా ఒకళ్ళకొకళ్ళం అందించుకోవడం బావుంది ఆంటీ, కానీ నాకు గెలవాలనుంది" అంది. ఆ మాట ముఖ్యమైంది. సహకారం స్త్రీల సహజ గుణమనీ, పోటీ పురుషుల గుణమనీ అనుకుంటే మనం మళ్ళీ 1941 నాటి 'స్త్రీ ప్రకృతి' దగ్గరికే చేరతాం. గెలవాలనుకునే ఆడపిల్లకి గెలిచే ఆట కూడా ఇసుక మీద ఉండాలి.

ఉంది కూడా. ఇటలీలో అడ్రియాటిక్ సముద్రం పక్కన, రవెన్నా పరిసర తీరాల్లో, చెక్క బ్యాట్లతో ఆడుకునే ఆట బీచి వాలీబాల్ కోర్టులోకి చేరి, నెట్టూ గీతలూ స్కోరూ సంతరించుకుని బీచ్ టెన్నిస్ అయింది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2008లో దాన్ని తన కిందికి తీసుకుంది. డబుల్స్ కోర్టు 16 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. స్త్రీల ఆటలో నెట్టు ఎత్తు 1.70 మీటర్లు. బంతి టెన్నిస్ బంతికన్నా మెత్తన. ఇసుక మీద బంతి లేవదు కనుక ప్రతి బంతినీ గాలిలోనే అందుకోవాలి. సర్వీసుకి ఒకటే అవకాశం, నెట్టుకి తగిలి అవతల పడినా ఆట సాగుతుంది. 40-40 దగ్గర ఒక్క పాయింటుతో తేలిపోతుంది. వేచిచూడడానికి వీల్లేని ఆట. ఇటలీ జంట సోఫియా చిమాత్తి, ఫెదెరికా బక్కెత్తా దీనిలో ప్రపంచ విజేతలయ్యారు. బ్రెజిల్‌కి చెందిన జోఆనా కోర్తెజ్ 1999 పాన్ అమెరికన్ క్రీడల్లో వనెస్సా మెంగాతో కలిసి టెన్నిస్ డబుల్స్ స్వర్ణం గెలిచి, ఆ తర్వాత ఇసుక మీదికి వచ్చి బీచ్ టెన్నిస్‌లో రెండో జీవితం మొదలుపెట్టింది. టెన్నిస్‌లో 'వయసు అయిపోయింది' అనిపించుకునే స్త్రీలకి ఇసుక మరో తలుపు తీసింది. కరోనా తర్వాతి ఏళ్ళలో బ్రెజిల్‌లో సముద్రమే లేని ఊళ్ళలో కూడా ఇసుక పోసి కోర్టులు కట్టారు.

పోటీ వచ్చిన చోటికి సంఘాలు వస్తాయి, సంఘాలతో నియమాలు వస్తాయి. నియమాలు మళ్ళీ స్త్రీల శరీరాల మీదికే వస్తాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్ బీచి వాలీబాల్‌లో జాకీ సిల్వా, సాండ్రా పిరెస్ గెలిచిన స్వర్ణం, బ్రెజిల్ స్త్రీలకి ఒలింపిక్స్‌లో మొట్టమొదటి స్వర్ణం. ఒకప్పుడు ఆడపిల్లల ఫుట్‌బాల్‌ని చట్టం నిషేధించిన అదే ఇసుక ఆ స్వర్ణాన్నిచ్చింది. కానీ ఆ ఆటలో బికినీ తప్పనిసరి అన్న నిబంధన సడలడానికి 2012 దాకా పట్టింది. 2021 జూలైలో నార్వే బీచి హ్యాండ్‌బాల్ జట్టు అమ్మాయిలు బికినీకి బదులు పొట్టి నిక్కర్లు వేసుకున్నందుకు యూరోపియన్ సమాఖ్య 1500 యూరోల జరిమానా వేసింది. లోకం గగ్గోలు పెట్టాక ఆ ఏడాది చివర నిబంధన మార్చారు. 1961లో బ్రెజిల్ అధ్యక్షుడు జానియో క్వాద్రోస్ అందాల పోటీల్లో ఈతదుస్తులు వేసుకోవద్దన్నాడు. అరవై ఏళ్ళ తర్వాత వేసుకోనందుకు జరిమానా వేశారు. కప్పుకోమన్నా విప్పమన్నా ఆజ్ఞ ఒకటే: నీ బట్టలు మేం నిర్ణయిస్తాం. లెయిలా దినీజ్ చేసింది బికినీ వేసుకోవడం కాదు, తనకు తాను నిర్ణయించుకోవడం.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. కోపకబానా ఇసుక అందరిదీ అంటారు. ఆ బీచిలో తీరిగ్గా ఆడుకునే మధ్యతరగతి స్త్రీ ఇంట్లో, ఆ సమయానికి అంట్లు తోముతూ, పిల్లల్ని చూస్తూ మరో స్త్రీ ఉంటుంది. బ్రెజిల్‌లో ఇంటిపని చేసేవాళ్ళలో అధిక సంఖ్యాకులు నల్లజాతి స్త్రీలు. ఇతర కార్మికులతో సమానంగా రోజుకి 8 గంటల, వారానికి 44 గంటల పని పరిమితి వాళ్ళకి దక్కింది 2013 రాజ్యాంగ సవరణతోనే. అంటే సాయంత్రం అనేది వాళ్ళకి చట్టంలోకి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఆట గురించి మాట్లాడడమంటే తీరిక గురించి మాట్లాడడమే, తీరిక గురించి మాట్లాడడమంటే ఇంటిపని ఎవరిదని అడగడమే. మన ఇళ్ళల్లో పనిచేసే స్త్రీల సాయంత్రాల లెక్క మనమూ చెప్పాలి.

మన తెలుగు నేలకి వేల మైళ్ళ దూరంలోని ఈ చరిత్ర మనకెందుకని అడగచ్చు. మనకీ పొడవాటి తీరం ఉంది. తంజావూరులో పుట్టి మన ఊళ్ళ మట్టికోర్టుల దాకా వచ్చిన బాల్ బ్యాడ్మింటన్ ఉంది. పసుపు ఉన్ని బంతితో, జట్టుకి అయిదుగురు ఆడే ఆ ఆటలో జమ్మలమడక పిచ్చయ్య 1970లో అర్జున అవార్డు అందుకున్నాడు. అతని పేరు మనకి తెలుసు. మన బాలికల పాఠశాలల్లో టెన్నికాయిట్ ఉంది. ఓడల డెక్కుల మీద ప్రయాణికులు ఆడుకున్న ఆట మన ఆడపిల్లల చేతుల్లోకి వచ్చి రబ్బరు రింగయింది. బ్యాటు కొనాల్సిన పని లేదు, పెద్ద మైదానం అక్కర్లేదు, లంగా ఓణీతోనైనా ఆడచ్చు - అందుకే ఆడపిల్లలకి ఇచ్చారు. తొమ్మిది, పదో తరగతుల దాకా ఆడినవాళ్ళు మనలో ఎందరో! ఆ తర్వాత ఆ రింగు ఏమైంది? 2016 ఆగస్టు 19న పి.వి.సింధు ఒలింపిక్ ఫైనల్లో కరోలినా మారిన్‌తో మూడు గేములు పోరాడి రజతం తెచ్చింది ఆ రియో నగరంలోనే. ఆ రాత్రి తెలుగు ఇళ్ళన్నీ మేలుకున్నాయి. మంచిదే. కానీ ఒక్క సింధు కోసం మేలుకున్న ఇళ్ళల్లో, ఆట మానేసిన అమ్మాయిలు ఇంటికొకరైనా ఉండి ఉంటారు.

శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో 'వై లోయిటర్' అనే పుస్తకంలో ముంబై స్త్రీల గురించి రాస్తూ, పని లేకుండా బయట ఉండే హక్కుని అడిగారు. భద్రత అడిగితే ఇంట్లో ఉండమంటారు, కనుక ఆనందాన్ని అడగాలని వాళ్ళ వాదన. బీచిలో బ్యాటు పట్టుకుని నిలబడ్డ స్త్రీకి ఏ పనీ లేదు. నీళ్ళు తేవడం లేదు, పిల్లాడిని తిప్పడం లేదు, డాక్టరు చెప్పాడని నడవడం కూడా లేదు. ఆరోగ్యం కోసమని చెబితే ఇంట్లో అనుమతి దొరుకుతుంది. ఊరికే, సరదాకి అని చెప్పి బయటికి వెళ్ళడం ఇప్పటికీ మనకి కష్టం.

స్త్రీల అణచివేత చరిత్ర మనం చాలా రాశాం, ఇంకా రాయాలి. స్త్రీల సంతోషాల చరిత్ర కూడా రాయాలి. మన అమ్మల్ని, అమ్మమ్మల్ని, మన ఇంట్లో పనిచేసే ఆమెని కూడా, నువ్వు చివరిసారి ఏ ఆట ఆడావు, ఎప్పుడు మానేశావు, ఎవరు మానమన్నారు అని అడిగి రాసుకుంటే, స్కోరు లేని ఆ ఆటలకి చరిత్ర మొదలవుతుంది. ఆ జవాబుల్లో ఎక్కడెక్కడ బంతి పడిపోయిందో, దాన్ని తీసుకొచ్చే వంతు ఎవరిదో కూడా తెలుస్తుంది.